అయ్యగారు దించిన తాడు

"నూకాలమ్మా, ఇయ్యాల నా తాడుకి ఏటీ రాలేదే."

"ఆదివారం కదా అయ్యగోరూ. అందరూ నీ గుడికే ఎలిపోనారేమో సూడు."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఇక్కడ రంగూన్‌లో, మా పజుండౌంగ్ పేటలో కరెంటు పోయింది, దానితో పాటు ఫోను లైనూ పోయింది. ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు అవే. బుధవారం మళ్ళీ ఫోను మోగితే ఆయనే అనుకుని, "ఏటి అయ్యగోరూ, తాడుకి సేప పడ్డాదా?" అన్నాను. ఆయన కాదు, ఇక్కడి తెలుగు చర్చి పెద్ద. అయ్యగారు ఆ పడమటి దేశంలో, పొద్దున్న టీ తాగి, కుర్చీలో కూర్చుని, అలాగే వెళ్ళిపోయారని చెప్పాడు.

నిన్న అక్కడి నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పనిచేసిన చర్చిలో ఇప్పుడు పన్నెండు మంది ఉన్నారట. చర్చి కట్టడం అమ్ముడైపోయింది. వచ్చే ఆదివారం ఆ పన్నెండు మందీ కూర్చుని ఒక సంగతి తేల్చుకుంటారట: ఎవరి దారిన వాళ్ళు పోవడమా, లేక వాళ్ళలో ఒకావిడ ఇంట్లో కూడుకోవడమా అని. తేల్చుకునే ముందు, ఆయన ఎలాంటి మనిషో నా నోట వినాలట. "పొగడ్తలు వద్దు, ఉన్నది చెప్పండి" అని రాశారు. పొగడ్తలు నాకు ఎలాగూ రావు.

అందుకని నేను చెప్తున్నాను, నా తమ్ముడి కూతురు, ఈ గుంట, రాస్తోంది. ముందు తెలుగులో రాస్తుంది, మన వాళ్ళూ చదువుకుంటారు. తర్వాత వాళ్ళ భాషలోకి మార్చి ఫోనులో పంపుతుంది. నాకు సంతకం వరకే వచ్చు. ఆ సంతకం కూడా ఆయన నేర్పిందే. అందుకే నా పేరులో మొదటి అక్షరం కాస్త లావుగా ఉంటుంది, ఆయనలాగే.

ఆయన పేరు మాత్రం రాయనివ్వను. ఇక్కడ ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు. క్రైస్తవులకి అయ్యగారు, హిందువులం మాకూ అయ్యగారే. బర్మా వాళ్ళకి సయా, అంటే గురువుగారు. మనిషి పొట్టి, లావు. మోకాళ్ళు రెండూ చెడ్డవి. లుంగీ మీద తెల్ల చొక్కా, చంకలో గొడుగు. వాన వస్తే గొడుగు ప్రార్థన చీటీల సంచీకి పట్టి తను తడిసేవాడు. ఏ గుమ్మం కనిపించినా చెప్పులు విడిచేవాడు. మందుల షాపు ముందు కూడా విడిచేవాడు. మనుషులతో ఆయన మొదటి మాట "తిన్నావా?". దేవుడితో ఆఖరి మాట "అంతే ప్రభువా, మిగతాది నీకు ఎరికే". నవ్వొచ్చే మాట చెప్పబోయే ముందే నవ్వేసేవాడు. అందుకని ఆయన చెప్పబోయినవి చాలా వరకు మాకు తెలియవు, నవ్వులు మాత్రం తెలుసు.

పాటలు పాడేవాడు. అది దాచకూడదు. గొంతు ఒక వీధిలో, పాట ఇంకో వీధిలో. ఎవరైనా నవ్వితే రెండు రోజులు అలిగేవాడు.

ఇప్పుడు తాళ్ళ సంగతి చెప్పాలి. మా వీధుల్లో ఇళ్ళు ఏడెనిమిది అంతస్తులు, లిఫ్టులు ఉండవు. అందుకని ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతూ ఉంటుంది. కింది కొసకి క్లిప్పు, పైన గంట. పేపరు తెచ్చినవాడు దాన్ని క్లిప్పుకి పెట్టి తాడు లాగుతాడు, గంట మోగుతుంది, ఇంటివాళ్ళు పైకి చేదుకుంటారు. నేను ఇరవై ఏళ్ళు పైగా ఆ పేవ్‌మెంటు మీద బండి పెట్టి ఇడ్లీలు అమ్మాను. నేను కింద కేక వేస్తే పైనుంచి తాళ్ళకి కట్టిన గిన్నెలు దిగేవి. నా గొంతు ఇలా గరగరలాడేది పుట్టుకతో కాదు. ఎనిమిదో అంతస్తు దాకా వినపడాలని అరిచి అరిచి పోగొట్టుకున్నాను.

ఆ రోజుల్లో ఒక పొద్దున్న ఆయన నా బండి దగ్గర నిలబడి, చేతిలో ఒక చీటీ పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"ఓలమ్మ, ఆ నాలుగో అంతస్తు తాడు ఎవలిది?"

"అక్కడ రెండున్నాయి. ఎర్రదా, పచ్చదా?"

"జొరంతో ఉన్న ముసలాయన ఇల్లు."

"అయితే పచ్చది. ఏటి పంపుతున్నావు?"

"చీటీ. నీకోసం ప్రార్థన సేసినానని రాసినాను. మెట్లెక్కలేనమ్మా, మోకాళ్ళు."

"జొరం మనిషికి వట్టి కాయితం తినిపిత్తావేటి?"

ఆయన అంత పెద్దగా నవ్వడం చూసి పక్కన టీ కొట్టువాడు కూడా కారణం తెలియకుండా నవ్వాడు. ఆ రోజు నుంచి ఆయన చీటీతో పాటు నా ఇడ్లీలు రెండు పైకి వెళ్ళేవి. గంట మోగించడానికి అందరూ ఒక్కసారి లాగుతారు. ఈయన రెండుసార్లు లాగేవాడు. రెండోది ఎందుకని అడిగితే, "అది ఆమెన్" అన్నాడు.

మూడో రోజు పచ్చ తాడుకి బదులు ఎర్ర తాడుకి చీటీ పెట్టేశాడు. అది ఒక బర్మా పెద్దావిడ ఇల్లు, బౌద్ధులు. ఆవిడ చీటీ చదివించుకుని, బాల్కనీలోకి వచ్చి వీధంతా వినపడేలా బర్మాలో అరిచింది: "సయా, నాకు జ్వరం లేదు. మా ఆయనకి నోటి దురుసు ఉంది. దానికేమైనా చెయ్యగలరా?" ఈయన అక్కడే, నా బండి పక్కనే చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని ఆ మొగుడి నోటి కోసం ప్రార్థన చేశాడు. నోరు తగ్గలేదు. కానీ మర్నాడు ఆ ఎర్ర తాడుకి కట్టి ఆవిడ మామిడిపళ్ళు దించింది. తర్వాత ఏటా వేసవిలో దించుతూనే ఉంది.

నన్ను తన గుడికి రమ్మని వారం వారం పిలిచేవాడు. వారం వారం నేను "పిండి పులిసిపోతాది అయ్యగోరూ" అనేదాన్ని. నా దేవుళ్ళు నాకున్నారు. ఆయనకీ అది తెలుసు. అయినా పిలుపు మానలేదు, నా జవాబూ మారలేదు. ఒక రోజు ఇడ్లీ తింటూ మొదలుపెట్టాడు:

"దేవుడి దగ్గిరికి మనం ఎక్కలేం నూకాలమ్మా. మన మోకాళ్ళు సాలవు. అందుకే ఆయనే తాడు దించినాడు."

"బాగుంది. మరి కింద నిలబడి అరిసేదెవలు?"

"అరవక్కర్లేదే. అదే కదా కృప అంటే."

"నా యాపారం నాకు తెల్దేటి? కింద కేకెయ్యందే పైనుంచి ఏ తాడూ దిగదు. పైనోడికి ఆకలుండాల, కిందోడికి గొంతుండాల."

నోట్లో ఇడ్లీ నోట్లోనే ఉంచుకుని చాలాసేపు ఆలోచించాడు. ఆ తర్వాతి ఆదివారం గుడిలో ఇదే మాట మీద గంటన్నర ప్రసంగం చేశాడట. దేవుడికి మన మీద ఆకలి ఉంది కాబట్టే తాడు దించి కూర్చున్నాడని. బాగానే తిప్పాడు. కానీ మాట నాదని మాత్రం చెప్పలేదు. గుడి నుంచి వచ్చిన ఆడవాళ్ళు చెబితే నాకు తెలిసింది. వారం రోజులు ఆయనకి చట్నీ లేకుండా ఇడ్లీ పెట్టాను. కారణం ఆయన అడగలేదు. అడగలేదంటే తెలిసిందనే.

మా ఆయన ఊరి చివర ఇన్సేన్‌లో, రైలు వర్క్‌షాపులో పని చేసేవాడు. ఆయన పోయాక పది రోజులు ఇల్లు జనంతో నిండి, పదకొండో రోజుకి ఖాళీ అయింది. మాది ఆరో అంతస్తు. ఆ పొద్దున్న మా తాడు గంట మోగింది. రెండుసార్లు. ఎవరో తెలుసు, అయినా లేవలేదు. మళ్ళీ రెండుసార్లు మోగింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

గంట సేపటికి తలుపు చప్పుడైంది. అయ్యగారు. రెండో అంతస్తులో ఒక ఇంట్లో కూర్చున్నాడట, నాలుగో అంతస్తులో మంచినీళ్ళు తాగాడట, అయిదో అంతస్తులో ఇక వెనక్కి పోదామనుకున్నాడట. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. నేల మీద చతికిలబడి, 'ఒక్క నిమిషం' అన్నట్టు వేలు చూపించాడు. ఆ నిమిషం అరగంట పట్టింది. తర్వాత అన్న మాట ఒక్కటే.

"తిన్నావా?"

"నేదు."

సంచీలోంచి పొట్లం తీశాడు. ఇడ్లీలు. నేను ఒకటి వాసన చూశాను.

"ఇవి ఆ పక్కవీధి దానివి కదూ?"

"నీ బండి లేదు కదమ్మా మరి."

"దాని ఇడ్లీ నా ఇంటికి తెత్తావా? రాయిలాగుంతాది! గోడకేసి కొడితే గోడ పగులుద్ది!"

అంటూనే తిన్నాను. నిజంగా రాయిలాగే ఉంది. పదకొండు రోజుల్లో ఏడుపు కాకుండా నా నోట వచ్చిన మొదటి మాటలు ఆ తిట్లే. ఆయన వాక్యం చెప్పలేదు, పరలోకం మాట ఎత్తలేదు. నేను రెండో ఇడ్లీ తినేదాకా చూశాడు. "అంతే ప్రభువా, మిగతాది నీకు ఎరికే" అన్నాడు. లేవబోయాడు. లేవలేకపోయాడు.

ఆరు అంతస్తులు ఎక్కిన మోకాళ్ళు దిగనన్నాయి. చివరికి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. ఎర్ర తాడు పెద్దావిడ కొడుకులిద్దరు, మా తమ్ముడు, కింద సైకా రిక్షా తొక్కే అతను. అయ్యగారు ఒళ్ళో గొడుగు పెట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. ప్రతి అంతస్తులోనూ తలుపులు తెరుచుకుని జనం చూస్తున్నారు. ఈయన కుర్చీలోంచే ప్రతి గుమ్మానికీ "తిన్నారా?" అని అడుగుతూ దిగాడు. మూడో అంతస్తు మలుపులో కుర్చీ ఇరుక్కుంది. "ఇక్కడే గుడి కట్టీయండిరా" అన్నాడు. నేను మెట్ల మీద నిలబడి నవ్వాను. నా నవ్వు నాకే వినపడి ఉలిక్కిపడ్డాను. మర్నాడు పిండి రుబ్బాను.

రెండేళ్ళ కిందట ఆ పడమటి ఊరి నుంచి పిలుపు వచ్చింది. ఒకప్పుడు వాళ్ళ తాతలు ఓడలెక్కి ఇక్కడికొచ్చి చర్చిలు కట్టారు. ఇప్పుడు వాళ్ళ చర్చిలోనే బోధకుడు లేడు, మనుషులు పదకొండు మంది.

"ఎల్లమంటావా నూకాలమ్మా?"

"పదకొండు మందికి ఒక అయ్యగోరా? నా బండికాడ తెల్లారకుండానే అంతకంటే ఎక్కువ మంది ఉండీవోరు. ఎల్లు. ఆళ్ళకీ ఆకలుంతాది కదా."

నేను అప్పటికే బండి మానేశాను. బండికి కట్టిన ఇత్తడి గంట ఊడదీసి ఆయన చేతిలో పెట్టాను.

అక్కడి నుంచి ఆదివారం ఆదివారం ఫోను చేసేవాడు. "ఇక్కడ లిఫ్టుంది నూకాలమ్మా, పరలోకమే" అన్నాడు మొదట. తర్వాత తర్వాత గొంతు తగ్గింది. మనుషులు చాలా మంచివాళ్ళట. ఎదురుపడితే నవ్వుతారు, తలుపు పట్టుకుని నిలబడతారు. కానీ ఏ దేవుడికి మొక్కుతారని అడిగితే, జబ్బు సంగతి అడిగినట్టు ముఖం పక్కకి తిప్పుతారట. మా రంగూన్‌లో టాక్సీ ఎక్కితే రెండో వీధి దాటేలోపు ఆ మాట వచ్చేస్తుంది. "దేవుడు లేడని నాతో తగువాడినా బాగుణ్ణు. తగువుకి కూడా మనిషి దొరకట్లేదు" అనేవాడు.

చెప్పకుండా తలుపు కొడితే భయపడతారట. ప్రతి తలుపుకీ గంట ఉంది, ఎవరూ ఎవరి గంటా నొక్కరు. ప్రసంగం ఇరవై నిమిషాలు దాటకూడదని సంఘం వాళ్ళు మెల్లిగా చెప్పారట. ఈయనకి దగ్గడానికే పది నిమిషాలు కావాలి. అదే చర్చి హాలు ఆదివారం సాయంత్రం ఇంకెవరికో అద్దెకిస్తే, అక్కడ నలభై మంది కుర్రకారు కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చుంటున్నారట. "మన పగోడాలో కూకున్నట్టే కూకుంటన్నారు నూకాలమ్మా! పొద్దున్న నాకు పదకొండు, సాయంత్రం ఆళ్ళకి నలభై!" కోపం మాత్రం లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ధ్యానం అయ్యాక వాళ్ళందరికీ అల్లం టీ పోశాడట. వాళ్ళు తాగి, ఇది ఏ పద్ధతి అని అడిగారట. "పజుండౌంగ్ పద్ధతి" అన్నాడట.

అప్పుడే ఆ పని చేశాడు. మా వీధివాడు తప్ప ఎవరూ చెయ్యని పని. తనుండే నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి వీధిలోకి తాడు దించాడు. కింద క్లిప్పు, పైన నా ఇత్తడి గంట. "ప్రార్థన కావలసినవారు లాగండి" అని అట్టముక్క రాసి కట్టాడు. వారం రోజులు గాలి తప్ప ఎవరూ లాగలేదు. గాలి మాత్రం రాత్రీ పగలూ లాగింది.

ఒక ఆదివారం కేక వేస్తూ ఫోను చేశాడు. "వొచ్చినాది నూకాలమ్మా! మొదటి చీటీ!"

"ఏటి రాసినారు?"

"ఉండు, కళ్ళజోడు…" కాయితం మడత విప్పిన చప్పుడు. "గంట ఆపమని రాసినారు."

ముందు నేను నవ్వానో ఆయన నవ్వాడో చెప్పలేను. తర్వాత అడిగాడు, తీసెయ్యనా అని.

"తాడు తియ్యకు. నాకూ మొదటి బేరం తిట్టుతోనే మొదలయ్యింది. గంట నోరు ముయ్యి, సాలు."

ఆయన కాలి మేజోడు ఒకటి తీసి గంటకి తొడిగాడు. ఆ ఆదివారం చర్చిలో ఒక కాలికి మేజోడుతో, ఒక కాలికి లేకుండా నిలబడి బోధించాడట. చీటీ రాసింది వీధి మట్టాన ఉన్న కింద ఇంటి ఆవిడ. బడిలో పాఠాలు చెప్పి మానేసిన పెద్దావిడ, దేవుడి మీద నమ్మకం లేదు. ఈయన ఆవిడకి తాడు మీద జవాబు దించాడు: "క్షమించండి. గంటకి మేజోడు తొడిగాను. మీరు భోజనం చేశారా?" ఆవిడ రాసింది: "అది మీకు అనవసరం." మూడు రోజుల తర్వాత, ఎవరూ అడగకుండానే, ఇంకో చీటీ: "చేశాను. సూపు."

అలా నెలలు గడిచాయి. ఆవిణ్ణి చూసి మిగతా అంతస్తుల వాళ్ళూ మొదలుపెట్టారు. ఒకరు ఎవరో పారేసుకున్న చేతితొడుగు క్లిప్పుకి పెట్టారు. ఒకరు తమ కుక్కకి ఆపరేషను ఉంది, ప్రార్థించమని రాశారు.

"కుక్క కోసం ప్రార్థన సెయ్యొచ్చంటావా?" అని నన్నడిగాడు, బోధకుడై ఉండి.

"మా కాలభైరవుడి బండి అదే. బేగి సెయ్యి."

చేశాడు. కుక్క బతికింది. వాళ్ళ ఇంటావిడ కేకు చేసి తాడుకి కడితే కట్టు ఊడి కేకు కింద ఇంటావిడ పూలకుండీలో పడిందట.

తర్వాత ఒక ఆదివారం ఆ కింద ఇంటావిడ చర్చికి వచ్చి వెనక వరసలో పేపరు చదువుతూ కూర్చుంది. నమ్మకం ఏమీ రాలేదట. ఈయన ఖాళీ కుర్చీలకి బోధించడం చూడబుద్ధి కాలేదట. అంతే. ఆయనకి ఒక జత మేజోళ్ళు అల్లి తెచ్చింది.

పోవడానికి నెల ముందు చెప్పాడు, చర్చి కట్టడం అమ్మేశారని. కొన్నవాళ్ళు లోపల ఎత్తుగా గోడలు కట్టి, కొండెక్కినట్టు ఎక్కే ఆట పెడతారట, నడుముకి తాడు కట్టుకుని.

"సూసినావా, తాడు మాత్రం మిగిలినాది" అని నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "నాను ఓడిపోనానా నూకాలమ్మా? పదకొండు మందిని నా సేతికిచ్చినారు. గుడి కూడా నిలబెట్టలేకపోనాను."

"పన్నెండో మనిషిని లెక్కెట్టినావా?"

"ఆవిడ నమ్మదే."

"నానూ నమ్మను కదా. నన్ను లెక్కెట్టలేదేటి ఇన్నాళ్ళూ?"



"నిన్ను మొదటి రోజు నుంచీ లెక్కెడుతున్నాను" అన్నాడు.

నిన్నటి ఉత్తరం రాసింది ఆ కింద ఇంటావిడే. తన ఇంట్లో కూడుకోమన్నదీ ఆవిడే. అందులో ఒక మాట ఉంది. ఆయన ప్రతి ప్రసంగంలోనూ "మా ఊళ్ళో ఇడ్లీలమ్మే నా స్నేహితురాలు చెప్పింది" అని ఏదో ఒకటి చెప్పేవాడట. అందుకే నన్ను వెతికి రాశారట. విన్నావా గుంటా? నా మాట నాదని చెప్పడానికి ఆయన అంత దూరం పోవలసి వచ్చింది. ఆ వారం చట్నీ ఇప్పుడు నేను బాకీ.

ఆవిడ ఇంకోటి కూడా అడిగింది. ఆయన గది ఖాళీ చెయ్యాలి, ఆ తాడు ఏం చెయ్యాలి అని. తనది కింద ఇల్లు, అక్కడి నుంచి తాడు వేలాడదు కదా అని.

దానికి జవాబు ఇలా రాయి. అమ్మా, మీరు కూడుకోవాలో వద్దో చెప్పడానికి నేను మీ మతం దాన్ని కాదు. ఆయన ఎలాంటివాడని అడిగారు కదా, చెప్తాను. ఎక్కలేని చోట తాడు లాగాడు. లాగినా పలకని నాడు ఎక్కాడు. మనిషి లేని చోట తాడు దించి, కూర్చుని, తిట్టు వచ్చినా చేదుకున్నాడు. ఆయన పైన ఉన్నాడు కాబట్టి నాలుగు అంతస్తుల తాడు కావలసి వచ్చింది. మీరు కిందే ఉన్నారు. మీకు జానెడు చాలు. మీ వీధివైపు కిటికీకి కట్టండి, పోయేవాడి చేతికి అందేలా. మీ పన్నెండు మందీ ఆ కిటికీ దగ్గర కూర్చోండి. ఎవరైనా లాగితే వినపడాలి. ముందు తిన్నారా అని అడగండి, మిగతాది తర్వాత. ఇంకో సంగతి. నా గంటకి తొడిగిన ఆ మేజోడు తీసెయ్యండి. అది నోరున్న గంట.

అంతే. ఇప్పుడు మొదటి నుంచి చదువు గుంటా. నిదానంగా కాదు, గట్టిగా చదువు. బాల్కనీ తలుపు తియ్యి. కింది వీధి దాకా వినపడేలా చదువు.